క్యాసెట్టు, డబ్బా టీవీ, సింహావలోకనం: వీడియో గేమ్ ఎప్పుడు రెట్రో అవుతుంది?

(గుంటూరు బ్రాడీపేటలోని ఒక పఠన మందిరంలో చేసిన ప్రసంగానికి పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, వెనక వరుసలో నిలబడిన పిల్లలకు నమస్కారం.

నన్ను పిలిచినవారు, "మాస్టారూ, వీడియో గేమ్‌లలో దేన్ని రెట్రో అనాలో ఒక గంటలో తేల్చి చెప్పండి" అన్నారు. నేను పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్లు ఎలక్ట్రానిక్స్ పాఠం చెప్పినవాణ్ణి. ఆటలు ఆడినదాని కన్నా, ఇతరులు ఆడి పాడుచేసిన యంత్రాలను విప్పి బాగుచేసినదే ఎక్కువ. అందుచేత మాటలతో సరిపెట్టకుండా మూడు వస్తువులు మూటగట్టి తెచ్చి ఈ బల్ల మీద పెట్టాను. మొదటిది, 1995 వేసవి సెలవుల్లో మా అబ్బాయి కోసం విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్న టీవీ గేమ్. రెండవది ప్లేస్టేషన్ 2. మూడవది బొత్తాలున్న నోకియా ఫోను. ఇందాక లోపలికి వస్తున్నవారిని ఆపి, వీటిలో ఏది రెట్రో అని అడిగాను. యాభై దాటినవారు ఒక్కటీ కాదని, ఇదంతా పాత సామానని అన్నారు. పదిహేనేళ్ల పిల్లలు మూడూ రెట్రోనే అన్నారు. ఇద్దరూ తడుముకోకుండా చెప్పారు కనుక ఇద్దరూ ఏదో ఒక లెక్క మనసులో పెట్టుకునే చెప్పి ఉండాలి. ఆ లెక్క ఏమిటో చూద్దాం.

వయసును బట్టి తేల్చడం అన్నిటికన్నా సులువుగా కనిపించే దారి. ఇతర వస్తువుల విషయంలో మన చట్టాలు ఆ పనే చేశాయి. 1972 నాటి పురావస్తువుల, కళాసంపదల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన శిల్పమో నాణెమో పురావస్తువు అవుతుంది. చారిత్రక, సాహిత్య, శాస్త్రీయ విలువ ఉన్న రాతప్రతికైతే 75 ఏళ్లు చాలు. 2021లో మోటారు వాహనాలకు చేసిన నిబంధనలలో, మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా నిలిచిన బండిని వింటేజ్ అన్నారు. చట్టాల దాకా ఎందుకు, మన వంటింటికీ ఈ లెక్క ఉంది. బియ్యం ఒక ఏడాది ఆగితే పాత బియ్యమై అతిథులకు వండిపెట్టే విలువ సంపాదిస్తుంది. పాత చింతకాయ పచ్చడి అని చులకనగా అంటాము గాని, జ్వరం పడి లేచినవాడికి పథ్యంగా వెతికి వెతికి పెట్టేది దానినే. శిల్పానికి నూరేళ్లు, బండికి యాభై, బియ్యానికి ఏడాది చొప్పున దేని లెక్క దానికి ఉండగా, వీడియో గేమ్‌కు మాత్రం ఏ చట్టమూ ఏ వంటిల్లూ ఒక అంకె చెప్పలేదు. తమాషా ఏమిటంటే, ఇంటి టీవీకి తగిలించి ఆడుకునే మొట్టమొదటి యంత్రం, రాల్ఫ్ బేర్ రూపొందించిన మాగ్నవాక్స్ ఒడిస్సీ, అమెరికాలో అమ్మకానికి వచ్చినది కూడా ఆ 1972లోనే. దానికి శబ్దం లేదు, రంగులు లేవు. రంగు కావాలంటే టీవీ అద్దానికి ప్లాస్టిక్ తెర అంటించుకోవలసిందే. అటువంటిది ఒకటి మన దేశంలో ఎవరి అటక మీదైనా ఉంటే, చట్టం దృష్టిలో పురావస్తువు కావడానికి 2072 దాకా ఆగాలి.

ఆటలు ఆడేవారిలో రెండు లెక్కలు ప్రచారంలో ఉన్నాయి. ఇరవై ఏళ్లు దాటితే రెట్రో అనేది ఒకటి. ఇప్పుడు నడుస్తున్న యంత్రానికి రెండు తరాల వెనక ఉంటే రెట్రో అనేది మరొకటి. రెండింటికీ ఒకటే లోపం ఉంది: ఏ క్యాలెండరు చూసి లెక్కపెట్టాలో చెప్పవు. ఈ బల్ల మీది మొదటి యంత్రాన్నే చూడండి. ఇది జపాన్‌లో నింటెండో సంస్థ 1983 జూలైలో విడుదల చేసిన ఫామికామ్‌కు నకలు. సమురాయ్, లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ వంటి పేర్లతో ఇటువంటి నకళ్లు మన దేశంలో అమ్ముడయ్యాయి. నేను దీన్ని కొనే నాటికి జపాన్‌లో ప్లేస్టేషన్ వచ్చి నెలలు గడిచిపోయాయి. నడుమ వచ్చిన సెగా మెగా డ్రైవ్, సూపర్ ఫామికామ్ మన వీధులకు దాదాపు రానేలేదు. ఆ 1995లోనే షా వాలెస్ సంస్థ సెగా యంత్రాలను భారతదేశంలో అమ్మకానికి పెట్టింది గాని, వాటి ధర మధ్యతరగతి ఇంటికి అందేది కాదు. కనుక టోక్యోలో పన్నెండేళ్ల పాతదైన రూపకల్పన, మా ఇంట్లో ఆ వేసవికి అన్నిటికన్నా కొత్త వస్తువు. మా అబ్బాయి, వాడి స్నేహితులు రిమోట్ కోసం కొట్టుకున్నప్పుడు వాళ్లెవరూ గతంలోకి చూడటం లేదు. వాళ్ల దృష్టిలో అది సరాసరి భవిష్యత్తు.

అలాగని జపాన్ క్యాలెండరు ప్రకారమైనా లెక్క తేలుతుందా అంటే, అదీ తేలదు. నింటెండో ఫామికామ్‌ను 2003 సెప్టెంబరు వరకు తయారు చేస్తూనే ఉంది, 2007 అక్టోబరు వరకు బాగుచేసి ఇస్తూనే ఉంది. ఇరవై ఏళ్ల సూత్రం ప్రకారం కర్మాగారం నుంచి వేడి వేడిగా వచ్చిన యంత్రం కూడా ఆనాటికి రెట్రో కావాలి. బ్రెజిల్‌లో టెక్‌టాయ్ సంస్థ 1989లో మొదలుపెట్టిన సెగా మాస్టర్ సిస్టమ్ అమ్మకాలను రూపాలు మారుస్తూ దశాబ్దాల పాటు సాగించింది. దుకాణంలో కొత్తగా దొరుకుతున్నదాన్ని, కొన్నవాడు మామూలుగా ఆడుకుంటున్నదాన్ని రెట్రో అనడానికి నాకు నోరు రాదు. అందుకని వయసు అవసరమే గాని అది ఒక్కటే చాలదని నా అభిప్రాయం.

వయసు కాకపోతే సాంకేతికతను బట్టి తేల్చవచ్చు కదా అని నా విద్యార్థులు వాదించేవారు. ఎనిమిది బిట్ల యంత్రం, చతురస్రాల చుక్కలతో గీసిన బొమ్మ, కీచుమనే సంగీతం ఉంటే రెట్రో అన్నమాట. దీనికి ఎదురు సాక్ష్యం 1989లోనే పుట్టింది. ఆ ఏడాది చేతిలో పట్టుకుని ఆడే యంత్రాలు రెండు వచ్చాయి: నింటెండో వారి గేమ్ బాయ్, అటారీ వారి లింక్స్. లింక్స్‌కు రంగుల తెర, గేమ్ బాయ్‌కు ఆకుపచ్చలోనే నాలుగు ఛాయల తెర. గేమ్ బాయ్‌ను రూపొందించిన గున్పెయి యోకోయ్ ఆ తెరను తెలిసే ఎంచుకున్నాడు. బాగా నలిగి, చవకై, అందరికీ లోతుపాతులు తెలిసిపోయిన సాంకేతికతను కొత్త కోణం నుంచి వాడాలన్నది ఆయన పద్ధతి. బ్యాటరీలు ఎక్కువసేపు వచ్చాయి, ధర తగ్గింది, దాని తరువాతి రంగుల రూపంతో కలిపి దాదాపు 11.87 కోట్ల యంత్రాలు అమ్ముడయ్యాయి. పుట్టుకతోనే పాత భాగాలతో తయారైన యంత్రం అది. అయినా 1989లో దాన్ని ఎవరూ రెట్రో అనలేదు, అనవలసిన పనీ లేదు.

ఈ వాదం తిరగబడినప్పుడు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2014లో వచ్చిన షవెల్ నైట్ అనే ఆట చూడటానికి అచ్చం ఫామికామ్ ఆటలా ఉంటుంది, కానీ ఆ యంత్రంలో నడవదు. దాని తెర వెడల్పు, రంగులు, కదలికలు పాత యంత్రం మోయగలిగినవి కావు. 2019లో వచ్చిన మైక్రో మేజెస్ కూడా కొత్త ఆటే గాని, అది అసలు యంత్రంలోనే నడుస్తుంది, మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోతుంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ పరిమాణం కూడా అంతే. మీ ఫోనుతో తీసిన ఒక్క ఫొటో దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. మారియోలో మేఘానికి, పొదకు ఒకే బొమ్మను రంగు మార్చి వాడారంటే కారణం ఆ ఇరుకుదనమే. షవెల్ నైట్ వేషం వేసుకుంది, మైక్రో మేజెస్ కాపురమే అక్కడ పెట్టింది. మొదటిదాన్ని పాత శైలి ఆట అనడం సమంజసం. రెండవదాన్ని ఏమనాలో చెప్పడానికి నాకు ఇంకా సరైన మాట దొరకలేదు. కొత్త తాటాకు మీద గంటంతో నిన్న రాసిన పద్యాన్ని మనం ఏమంటామో, దాన్నీ అదే అనాలి.

ఇరుకు సంగతి వచ్చింది కనుక ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే సాంకేతిక వాదంలో నిజం ఉన్న చోటు ఇదే. 1977 నాటి అటారీ 2600 యంత్రంలో తాత్కాలిక జ్ఞాపకం 128 బైట్లు. కంప్యూటర్లలో నేడు ఎక్కువగా వాడే యూనికోడ్ (యూటీఎఫ్-8) పద్ధతిలో తెలుగు లిపి సంకేతం ఒక్కొక్కటి మూడేసి బైట్లు తీసుకుంటుంది కనుక, ఆరేడు మాటల తెలుగు వాక్యం రాస్తే ఆ జ్ఞాపకం నిండిపోతుంది. ఫామికామ్‌కు వచ్చేసరికి అది రెండు కిలోబైట్లయింది గాని, మరో అడ్డు ఉంది. తెర మీద ఒక అడ్డగీతలో ఎనిమిదికి మించి కదిలే బొమ్మల ముక్కలను ఆ యంత్రం చూపలేదు. తొమ్మిదవది వస్తే అది కనిపించకుండా పోతుంది. శత్రువు కనిపించకపోతే ఆడేవాడికి అన్యాయం కనుక, ఆట రాసినవాళ్లు ఒక ఉపాయం చేశారు. ఏ బొమ్మ మాయం కావాలన్న వరుసను క్షణక్షణం మార్చుతూ పోయారు. దానితో ఏ ఒక్కటీ పూర్తిగా మాయం కాకుండా అన్నీ మిణుకు మిణుకుమంటూ కనిపిస్తాయి. కాంట్రా ఆడినవారందరికీ ఆ మిణుకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు అవే ఆటలను కంప్యూటరులో నడిపే ఎమ్యులేటర్లలో కొన్ని ఆ ఎనిమిది హద్దును తీసేసే సౌకర్యం ఇస్తున్నాయి. తీసేస్తే బొమ్మ నిలకడగా ఉంటుంది, హాయిగా ఉంటుంది, కానీ ఆనాడు ఎవరూ చూడని బొమ్మ అది. 1978 నాటి స్పేస్ ఇన్‌వేడర్స్‌లో సంగతి ఇంకా విడ్డూరం. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాటిని యంత్రం త్వరగా గీయగలిగేది కనుక వాటి వేగం దానంతటదే పెరిగేది. తొమొహిరో నిషికాడో ఆ లోపాన్ని సరిదిద్దకుండా ఆటలోనే ఉంచాడు, చివరికి ఆ ఆటలోని ఉత్కంఠ అంతా దాని మీదే నిలబడింది. కొంచెం శక్తిమంతమైన యంత్రం ఇచ్చి ఉంటే ఆ ఆట చచ్చుగా తయారయ్యేదేమో.

ఇప్పుడు నా మాట చెబుతాను. లాటిన్ భాషలో రెట్రో అంటే వెనక్కి అని అర్థం. మన సంప్రదాయంలో దానికి చక్కని మాట సింహావలోకనం. అడవిలో ముందుకు నడిచిపోతున్న సింహం మధ్యలో ఆగి, మెడ తిప్పి, తాను వచ్చిన దారిని ఒకసారి చూసుకుంటుందట. ఇందులో మొదట కొంత దూరం నడిచి ఉండటం ఒకటి, తరువాత కావాలని తల తిప్పడం మరొకటి. నిలబడినచోటే నిలబడినవాడిది సింహావలోకనం కాదు. కొత్తది కొనే స్తోమత లేక పాత యంత్రంతోనే ఆడుకునేవాడు రెట్రో ఆడటం లేదు, ఉన్నదానితో ఆడుకుంటున్నాడు. ఒక యంత్రం చుట్టూ ఉన్న ఏర్పాటంతా, అంటే దాన్ని అమ్మే దుకాణం, క్యాసెట్లు (ఆటలు నింపిన ప్లాస్టిక్ డబ్బీలు) అద్దెకిచ్చేవాడు, తగిలించుకునే టీవీ, బాగుచేసే మెకానిక్, పక్కన కూర్చుని "ఒక్క లైఫ్ ఇవ్వరా" అని బతిమాలే స్నేహితుడు, తెగిపోయి, ఆ తెగిన దారిని దాటి ఎవరైనా ప్రయాసపడి మళ్లీ దాని దగ్గరకు వెళ్లినప్పుడు, అప్పుడు ఆ యంత్రం రెట్రో అవుతుందని నేను అనుకుంటున్నాను. ఆ ప్రయాస లేకపోతే అది అటక మీది సామాను. ఏర్పాటు తెగకపోతే అది వాడుకలోని వస్తువు.

ఈ తెగిపోవడం ఎంత భౌతికమైనదో చూపడానికి టీవీయే పెద్ద సాక్షి. 1984లో వచ్చిన డక్ హంట్ అనే బాతుల వేట ఆటలో, చేతిలోని బొమ్మ తుపాకి మీట నొక్కగానే తెర ఒక్క లిప్తపాటు నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లని గడి వెలుగుతుంది. తుపాకి గొట్టంలోని కాంతిగ్రాహకం ఆ వెలుగును చూస్తే తగిలినట్టు, లేకపోతే లేనట్టు. పిక్చర్ ట్యూబు టీవీ, ఆట యంత్రం పంపిన క్షణంలోనే బొమ్మ గీస్తుంది కనుక ఈ లెక్క కుదిరింది. ఇప్పటి పలకల టీవీలు బొమ్మను కొంత ఆలస్యంగా చూపిస్తాయి, చూపే పద్ధతీ వేరు. కాబట్టి ఆ తుపాకి వాటి ముందు గుడ్డిదైపోయింది. తుపాకిలో లోపం లేదు, క్యాసెట్టులో లోపం లేదు, ఎదుట నిలబడవలసినదే లేదు. 1991 నాటి సోనిక్ ఆటలో జలపాతాన్ని నిలువు గీతలతో గీశారు. మామూలు ఏవీ కేబుల్‌తో డబ్బా టీవీలో చూస్తే ఆ గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నీటి వెనక ఉన్నవి పారదర్శకంగా కనిపిస్తాయి. అదే బొమ్మను ఇప్పటి తెర మీద చూస్తే కిటికీ ఊచల్లా ఉంటుంది. ఆ ఆటను గీసినవారు క్యాసెట్టులో సగం బొమ్మే పెట్టి, మిగతా సగం టీవీకి వదిలేశారన్నమాట.

ఇందులో మన ప్రాంతానికి ప్రత్యేకమైన మెలిక ఒకటి ఉంది. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు తెరను తిరగగీస్తే, పాల్ (PAL) అనే ప్రసార పద్ధతిని అనుసరించే మన దేశపు టీవీలు 50 సార్లు గీసేవి. అరవైకి రాసిన ఆటను మార్చకుండా యాభైకి సరిపెట్టిన యంత్రంలో ఆడిస్తే అది ఆరింట ఒక వంతు నెమ్మదిగా నడుస్తుంది. అంటే మనలో చాలామంది చిన్నప్పుడు ఆడిన మారియో, జపాన్ పిల్లవాడు ఆడిన మారియో కన్నా తీరిగ్గా పరుగెత్తి ఉంటాడు. మా అబ్బాయి ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు ఈ మధ్య నింటెండో 2016లో ముప్ఫై ఆటలు నింపి తిరిగి విడుదల చేసిన చిన్న యంత్రంలో ఆడి, "నాన్నా, ఇదేదో కంగారుగా ఉంది, మన దానిలా లేదు" అన్నాడు. కంపెనీ ముద్ర ఉన్న అసలైనదే వాడికి నకలులా తోచింది. మన నకలుకు నకలు ఎవరు తయారు చేస్తారు? 9999999 ఆటలని అట్ట మీద రాసి, లోపల ఏడెనిమిది ఆటలనే పేర్లు మార్చి తిప్పి తిప్పి పెట్టిన ఆ క్యాసెట్లను ఏ సంస్థా గౌరవంగా పునర్ముద్రించదు. ఎండాకాలం కరెంటు కోతకు ఏడవ మెట్టు దాకా వచ్చిన ఆట ఆరిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిన ఓపికను ఏ ఎమ్యులేటరూ ఇవ్వదు. ఇవ్వకపోవడమే మంచిదని మా ఆవిడ అంటుంది.

ఇక రెండవ యంత్రం. ప్లేస్టేషన్ 2 జపాన్‌లో 2000 మార్చిలో వచ్చింది, తరువాతి తరం 2006లో వచ్చింది. అయినా మన దేశంలో అది చాలాకాలం బతికే ఉంది. హైదరాబాదులో తయారైన హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆట దాని కోసం 2009లో విడుదలైంది. యంత్రం తయారీ 2013 ఆరంభంలో ముగిసింది. తరాల లెక్క ప్రకారం 2013లో ప్లేస్టేషన్ 4 రాగానే ఇది రెట్రో కావాలి. ఆ ఏడాదిలోనే గుంటూరు కొత్తపేటలో గంట లెక్కన దీన్ని ఆడించిన దుకాణం నాకు తెలుసు, అక్కడ కూర్చున్న పిల్లలకు ఆ మాటే తెలియదు. ఇవాళ దానికి కొత్త ఆటలు రావు, డిస్కు చదివే కటకం పాడైతే మార్చేవాడు దొరకడం కష్టం, టీవీకి తగిలించాలంటే మధ్యలో ఒక మార్పిడి పెట్టె కావాలి. ఇంత ప్రయాసపడి కూడా ఆడేవారు ఉన్నారు కనుక, నా లెక్క ప్రకారం అది గడప దాటింది.

దాని తరువాతి యంత్రాల దగ్గరే నాకు దిగులు. అంతకు ముందు ఆట అంటే క్యాసెట్టులోనో డిస్కులోనో సంపూర్ణంగా ఉండేది. తరువాత సగం పెట్టెలో, సగం ఎక్కడో సర్వరులో ఉండటం మొదలైంది. నింటెండో తన వీ (Wii) యంత్రంలోని ఆన్‌లైన్ దుకాణాన్ని 2019 జనవరిలో, 3డీఎస్‌లో కొనుగోళ్లను 2023 మార్చిలో ఆపేసింది. ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జూలైలో మూతపడింది. అక్కడ మాత్రమే దొరికే ఆట ముందుగా కొనుక్కోనివాడికి ఇక దారి లేదు. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రచురించిన అధ్యయనంలో, 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటలలో 87 శాతం ఇప్పుడు మార్కెట్టులో దొరకడం లేదని తేలింది. తల తిప్పి చూస్తే వెనక దారే లేనప్పుడు సింహం ఏం చూస్తుంది? పాతబడకుండానే పోయిన ఆటలు ఉంటాయి, వాటిని రెట్రో అనే అవకాశం కూడా మనకు రాదు.

ఆ చివర చేయి ఎత్తిన అబ్బాయి ఏదో అడుగుతున్నాడు. వైస్ సిటీ సంగతి ఏమిటంటున్నాడు. (సభలో నవ్వులు) మంచి ప్రశ్న. అది 2002 నాటి ఆట, కథ జరిగేది 1986లో. అంటే అది పుట్టినప్పుడే వెనక్కి చూస్తూ పుట్టింది. మన ఇంటర్నెట్ సెంటర్లలో దాన్ని ఆడినవారు ఆ అమెరికా ఎనభైలను గుర్తు చేసుకోలేదు, వాళ్లకు ఆ ఎనభైలు లేవు. ఇప్పుడు వాళ్లు గుర్తు చేసుకుంటున్నది ఆ ఇంటర్నెట్ సెంటరును. ఆట ఇంకా కంప్యూటర్లలో, ఫోన్లలో సులువుగా దొరుకుతోంది కనుక ఆట రెట్రో కాలేదని, అది ఆడిన గది రెట్రో అయిందని నా జవాబు. నీకు నచ్చకపోతే తరువాత వచ్చి పోట్లాడు.

ఈ నోకియా ఫోను విషయం కూడా అటువంటిదే. 1997లో నోకియా 6110లో మొదలైన పాము ఆటను నేడు ఏ ఫోనులోనైనా ఒక్క నిమిషంలో దించుకోవచ్చు. కానీ బొటనవేలి కింద 2, 4, 6, 8 బొత్తాలు గట్టిగా అణగడం, పాము తన తోకను తానే కొరికినప్పుడు బస్సులో పక్కవాడు కూడా "అయ్యో" అనడం అందులో దొరకవు. పాము పాతది కాలేదు, బొత్తాలు పాతవయ్యాయి.

మిగిలిన సమయంలో ఎవరైనా వచ్చి ఆడవచ్చు. పక్క గదిలో డబ్బా టీవీ పెట్టించాను, అది దొరకడానికి నాలుగు పాత సామాను దుకాణాలు తిరగవలసి వచ్చింది. ఒక్క హెచ్చరిక. క్యాసెట్టు పెట్టే ముందు అందరికీ దానిలోకి ఊదే అలవాటు ఉంటుంది, మా అబ్బాయికీ ఉండేది. ఊదితే పని చేసిందని అనిపిస్తుంది గాని, నిజానికి పని చేసేది తీసి మళ్లీ పెట్టడం. ఊపిరిలోని తేమ ఆ రాగి పళ్లకు తుప్పు పట్టిస్తుంది. దూది, స్పిరిట్ బల్ల మీద ఉంచాను, వాటితో తుడిచి పెట్టండి. కాంట్రాకు మూడు లైఫ్‌లే వస్తాయి. ముప్ఫై కావాలంటే ఏ బొత్తాలు ఏ వరుసలో నొక్కాలో ముందు వరుసలోని పెద్దలను అడగండి, పాత సామాను అన్నవారికే అది బాగా గుర్తుంటుంది.